పటేల్ గారి కుడి చెయ్యి

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇదంతా చదివాక మీరు నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు గానీ, పిచ్చివాణ్ని మాత్రం అనుకోకండి. మాది భీమవరం వైపు. చేపల చెరువుల మధ్య పెరిగాను. కాలేజీ రోజుల్లో చెరువు గట్టు మీద పాకలో ఒక్కణ్నే కాపలా పడుకున్నవాణ్ని. కొరివి దెయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే, ఎంత తాగావురా అని అడిగేవాణ్ని.

జహీరాబాద్‌కి ఉద్యోగానికి వచ్చి చాలా ఏళ్ళయింది. మొదట ఫ్యాక్టరీలో చేశాను. ఇప్పుడు హైవే పక్కన ఒక షెడ్డులో బస్సు ఛాసిస్‌ల మీద కారవాన్లు కట్టిస్తున్నాను. చక్రాల మీద ఇల్లన్నమాట. మంచం, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ అందులోనే ఉంటాయి. వడ్రంగం, కరెంటు పని వేరేవాళ్ళు చూసుకుంటారు. స్టీరింగ్ మాత్రం నేనే చూస్తాను. ఇంకొకరి మీద వదిలితే నాకు నిద్ర పట్టదు.

బస్వరాజ్ పటేల్ గారిది రాయికోడ్ దగ్గర ఊరు. చెరకు, కంది పండించే పెద్ద రైతు. మొదటిసారి ఆయన మా షెడ్డుకి వచ్చినప్పుడు కుడి చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. పక్షవాతం. కాలు చాలావరకు తిరిగొచ్చింది గానీ చెయ్యి రాలేదు. వెంట వాళ్ళావిడ శకుంతలమ్మ గారు ఉన్నారు. ఆవిడని ఎప్పటికైనా పండరీపురం తీసుకెళ్తానని పెళ్ళినాడు చెప్పారట. ఇప్పుడు వెళ్దామంటే ఆ కాలితో, చేతితో లాడ్జి బాత్‌రూముల్లో ఆయనకి కుదరదు. అందుకని కారవాన్.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. బండి తానే నడుపుతానన్నారు పటేల్ గారు.

"డ్రైవర్‌ను పెట్టుకుందామంటె వింటలేడు సార్. నువ్వన్న చెప్పు," అన్నారు ఆవిడ.

"పెట్టుకుంట. పక్క సీట్ల కూసుంటడు," అన్నారు ఆయన. "నడిపేది మాత్రం నేనే. మాట ఇచ్చింది డ్రైవర్ గాదు గద."

ఆయన జీవితమంతా జీపు, ట్రాక్టరు నడిపిన మనిషి. మలుపు వచ్చిందంటే చాలు, కుడి చేతి ఉంగరంతో స్టీరింగ్ మీద రెండుసార్లు కొట్టి తిప్పేవారట. టక్ టక్. పెళ్ళయినప్పటి నుంచీ ఆ చప్పుడు వింటూ ఎన్ని మలుపులు తిరిగానో అని శకుంతలమ్మ గారు నవ్వారు. పక్షవాతం వచ్చాక వేళ్ళు వాచి, ఉంగరాన్ని కోసి తీయించాల్సి వచ్చింది. అదిప్పుడు ఆవిడ బీరువాలో ఉందట. ఈ ముక్క నేను ఊరికే చెప్పడం లేదు, గుర్తుంచుకోండి.

చేతికి తగ్గట్టు బండిని మారిస్తే నడపొచ్చని డాక్టరు రాసిచ్చాడు. ఆర్టీవో ఆఫీసు సంగతి తాము చూసుకుంటామన్నారు. గేర్లు ఆటోమేటిక్. మిగిలిందల్లా స్టీరింగ్. ఎడమ చెయ్యి ఒక్కదానితో అంత బండినీ తిప్పగలిగేటట్టు చెయ్యాలి.

అది నేననుకున్నంత సులువు కాదు. స్టీరింగ్ తేలిక చేయడం పెద్ద పనేం కాదు, ఉన్న పవర్ స్టీరింగ్‌కి తోడుగా కింద చిన్న కరెంటు మోటారు పెడితే వెన్నలా తిరుగుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు అది మంచిదే. హైవే ఎక్కాక అదే తేలికదనం ప్రాణం తీస్తుంది. పక్కనుంచి లారీ దూసుకుపోతే ఆ గాలికే కారవాన్ పక్కకి తూలుతుంది, చేతికి స్టీరింగ్ చక్రం పట్టు తెలియదు. కాబట్టి నెమ్మదిగా పోతున్నప్పుడు తేలిక, వేగం పెరిగేకొద్దీ కాస్త బరువు. ఈ బరువుని మార్చుకోవడానికి డాష్‌బోర్డు కింద ఒక మీట పెట్టాను.

బరువు ఎంతో కొలవడానికి నా దగ్గర ఒక స్ప్రింగు కాటా ఉంది. మా నాన్న రొయ్యలు తూచినది. కొక్కెం స్టీరింగ్ చక్రానికి తగిలించి లాగితే, ఎన్ని కిలోల బలానికి తిరుగుతోందో ముల్లు చెబుతుంది. మా మెకానిక్ ఖాజా దాన్ని చూసి రోజూ నవ్వుతాడు. షెడ్డులో కొలిస్తే రెండు కిలోల లోపే ఉంది. చిన్నపిల్ల కూడా తిప్పగలదు.

మొదటి ట్రయల్‌కి ఖాజా నడిపాడు. నేను వెనక కూర్చున్నాను, పటేల్ గారు పక్క సీట్లో. మధ్యాహ్నం మంచి ఎండ. హైవే దిగి రాయికోడ్ రోడ్డు పట్టాం. బండి చక్కగా పోతోంది. కొంత దూరం పోయాక ఒక కల్వర్టు, అది దాటగానే ఎడమకి మలుపు. అక్కడ ఖాజా ఒక్కసారిగా బ్రేకు మీద నిలబడ్డాడు.

"తిరుగుతలేదు సార్," అన్నాడు.

ముందుకెళ్ళి నేనూ పట్టుకున్నాను. చక్రం బిగుసుకుపోయి ఉంది. బెల్టు తెగితేనో, మోటారు ఆగితేనో స్టీరింగ్ బరువెక్కుతుంది, ఆ బరువు నాకు తెలుసు. అది రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఇది అలా లేదు. కుడి వైపుకి ఇట్టే వస్తోంది. ఎడమకి తిప్పబోతే మాత్రం కుడి పక్కన ఎవరో పట్టుకుని ఆపుతున్నట్టుంది. కాసేపటికి దానంతటదే వదిలేసింది. పటేల్ గారి ముఖం చెమటతో తడిసిపోయింది.

సిగ్గేసింది నాకు. కస్టమర్ ముందు పరువు పోయింది. షెడ్డుకి తెచ్చి నూనె మార్చాను, పంపు మార్చాను, మోటారు విప్పి మళ్ళీ బిగించాను. ఖాజా, నేను అదే రోడ్డు మీద పొద్దున, మధ్యాహ్నం, వాన పడుతున్నప్పుడు కూడా తిరిగాం. ఆ మలుపు దగ్గర ఏమీ లేదు. వెన్న.

పటేల్ గారిని ఎక్కించుకుని వెళ్ళిన రోజు మళ్ళీ బిగుసుకుంది.

ఆయన బరువు వల్ల ముందు ఇరుసు మీద తేడా వస్తోందేమోనని ఆ సీట్లో సిమెంటు బస్తాలు వేసి తిప్పాం. ఏమీ కాలేదు. మోటారు వైర్లు పీకేసి ఆయనతో వెళ్ళాం. బిగుసుకుంది. ఆయన దిగి చేలో నిలబడితే తేలిక, ఎక్కితే బరువు. ఖాజా లోలోపల ఏదో ప్రార్థన చదువుకోవడం మొదలుపెట్టాడు. వాణ్ని తిట్టాను.

ఆ రోజు చివరికి ఒక పని చేశాను. ఇంజను ఆపేయించాను. అందర్నీ చేతులు తీసేయమన్నాను. కాటా కొక్కెం చక్రానికి కుడి వైపున తగిలించి, పైన కాటాని ఊరికే పట్టుకున్నాను. ముల్లు సున్నా మీద ఉంది. చూస్తుండగా నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. నేను లాగడం లేదు. చక్రమే లాగుతోంది, కుడి వైపుకి, కిందికి. ముల్లు ఒక చోట ఆగింది, కాసేపు అక్కడే ఉంది, తర్వాత పైకి వెళ్ళిపోయింది. ఇంజను ఆగిన బండిలో స్టీరింగ్‌ని కదిపే శక్తి ఏదీ ఉండదు. నాకు తెలిసినంతవరకు ఉండదు.

అప్పుడు చెప్పారు పటేల్ గారు. పక్షవాతం వచ్చింది అక్కడేనట. ఒక్కరే జీపులో వస్తూ, ఆ మలుపు తిరుగుతుండగా కుడి చెయ్యి చక్రం మీది నుంచి జారిపోయింది. జీపు కంది చేలో పడింది. ఆనాటి నుంచి వాళ్ళింట్లో ఎవరూ ఆ రోడ్డున రారు, చుట్టూ తిరిగి వస్తారు. ఏదైనా కొత్త బండి తీస్తే ఈ దారినే పరీక్షించడం మా షెడ్డు అలవాటు. ఆ అలవాటు తెచ్చిన తంటా ఇదంతా.

"నా చెయ్యి గాడనే ఉన్నది సార్. నన్ను గుర్తువట్టింది," అన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కళ్ళల్లో ఆశ చూసి నాకు భయం వేసింది.

బండి ఇవ్వనని చెప్పేయాలనిపించింది. ఆయన ఆ చక్రం పట్టుకుంటే ఇద్దరి ప్రాణాలు నా మీద ఉన్నట్టే. కానీ ఏ కారణం చెప్పి ఆపను? షెడ్డులో కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక మలుపు దగ్గర, ఒక మనిషి ఎక్కితేనే వచ్చే లోపాన్ని ఏ ఇంజనీరు నమ్ముతాడు? నేను పక్కన కూర్చుంటానని, రెండో బ్రేకు నా కాలి కింద ఉండాలని షరతు పెట్టి ఒప్పుకున్నాను.

ఝరాసంగం గుడి దగ్గర బండికి పూజ చేయించారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. పటేల్ గారు ఎడమ చేత్తో నడుపుతూ నేరుగా ఆ మలుపుకే తీసుకెళ్ళారు. శకుంతలమ్మ గారు వెనక సీట్లో కళ్ళు మూసుకున్నారు.

కల్వర్టు దాటాం. ఈసారి చక్రం బిగుసుకోలేదు. చలనం లేకుండా వేలాడుతున్న ఆయన కుడి చెయ్యి గుడ్డలోంచి లేచింది. లేచి స్టీరింగ్ పట్టుకుంది. ముందు నాలుగు వేళ్ళు, తర్వాత బొటనవేలు. బండి హాయిగా మలుపు తిరిగింది.

రోడ్డు పక్కన ఆపేసి ఆయన పసిపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ ఏడ్చారు. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధం ఎందుకు. ఎప్పుడో అరుదుగా ఇలా తిరిగి రావడం ఉంటుందని డాక్టరు అన్నాడట. మర్నాడు షెడ్డులో అందరికీ పేడా మిఠాయిలు పంచారు. నా స్టీరింగ్ పుణ్యమేనని నేనూ రెండు మూడు చోట్ల గొప్పలు చెప్పుకున్నాను.

నెల తిరక్కుండానే కారవాన్ మా షెడ్డుకి వచ్చింది. డ్రైవరు నడుపుకొచ్చాడు. పటేల్ గారి కుడి చెయ్యి మళ్ళీ గుడ్డలో ఉంది. ఈసారి గుడ్డని గట్టిగా ముడి వేసి ఒంటికి కట్టేశారు. పాపం, చెయ్యి మళ్ళీ పడిపోయిందేమో అనుకున్నాను.

శకుంతలమ్మ గారు నన్ను పక్కకి పిలిచారు. "చెయ్యి వచ్చింది సార్. కానీ అది ఈయన చెయ్యి గాదు."

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత మామూలుగా చెప్పారు. ఆయన జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకుని తినేవారు. ఈ చెయ్యి రొట్టెని ముందు నాలుగు మడతలు పెడుతుంది.

"మా ఇంట్ల గట్ల ఎవ్వలు తినరు. ఈయనకు సుత తెల్వదు గట్లెందుకు చేస్తున్నదో. రొట్టె దిక్కు చూసుకుంట కూసుంటడు," అన్నారు.

ఉంగరం అతికించి ఆవిడే ఆ వేలికి తొడిగారట. ఎన్ని మలుపులు తిరిగినా ఒక్కసారి కూడా ఆ చెయ్యి టక్ టక్ అనలేదు. పండరీపురం బయల్దేరి సగం దారి నుంచి వెనక్కి వచ్చేశారు. ఎదురుగా లారీ కనిపిస్తే చాలు, ఆ చెయ్యి చక్రాన్ని కుడికి లాగుతుంది. ఎడమ చెయ్యి దాంతో పెనుగులాడాలి. బండి నడపనప్పుడు కూడా ఆ చెయ్యి ఆవిడ మణికట్టు పట్టుకుంటే విడిపించుకోవడం కష్టమట. ఆ పట్టుకి కమిలిన నల్లని మచ్చలు ఆవిడ నాకు చూపించలేదు, గాజులు పైకి జరిగినప్పుడు నేనే చూశాను.

వాళ్ళడిగింది ఒకటే. ఆ చెయ్యి తిప్పలేనంత బరువుగా స్టీరింగ్‌ని చెయ్యమని. తేలిక చేయమని వచ్చినవాళ్ళే.

మీట చివరిదాకా బరువు వైపు తిప్పాను. మోటారు తీసేశాను. ఇంజను కూడా ఆపేశాను. ఆ స్థితిలో నిలబడి ఉన్న అంత బండిని తిప్పాలంటే నేను, ఖాజా కలిసి వేలాడినా కష్టమే. పటేల్ గారు సీట్లో కూర్చున్నాక ఆవిడ ముడి విప్పారు.

చెయ్యి వెళ్ళి చక్రాన్ని పట్టుకుంది. అవలీలగా కుడికి తిప్పింది. కింద టైర్లు సిమెంటు గచ్చు మీద కిర్రుమంటూ పూర్తిగా తిరిగిపోయాయి. పటేల్ గారు చేతిని చూడటం లేదు. నన్నే చూస్తున్నారు.

"ఇంకా జర గట్టిగ చెయ్యి సార్," అన్నారు.

గట్టిగా చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన తల ఊపారు. ఆవిడ మళ్ళీ ముడి వేశారు, ఈసారి నేనూ సాయం పట్టాను. ఆ చెయ్యి వేడిగా, మామూలుగానే ఉంది.

కారవాన్ ఇప్పుడు వాళ్ళ పొలంలో రేకుల కింద ఉంది. ఖాజా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వాకబు చేశాడు. ఆ మలుపు దగ్గర చచ్చిపోయినవాళ్ళ కథ ఏదీ లేదు. పక్షవాతం తర్వాత చెయ్యి మన మాట వినకపోవడం ఉంటుందని నేనూ ఎక్కడో చదివాను. అదే కావచ్చు. కాటా ముల్లు సంగతి, గచ్చు మీద తిరిగిన టైర్ల సంగతి దానికి ఎలా అతుకుతుందో మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. మొన్న ఒక పని మీద నా కారులో ఒక్కణ్నే రాయికోడ్ వెళ్ళాను. పట్టపగలు. కల్వర్టు దాటి ఎడమకి తిప్పబోతుంటే నా స్టీరింగ్ మీద, కుడి వైపున, రెండుసార్లు చప్పుడైంది. ఉంగరంతో కొట్టినట్టు. నా చేతికి ఉంగరం లేదు.

చక్రం బిగుసుకోలేదు. నన్ను ఎవరూ పట్టుకోలేదు. మలుపు తిరిగిపోయాను.

పటేల్ గారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే ఆయన ఇంట్లో ఒక్క నిమిషం ఆగరు, తన చెయ్యి కోసం మళ్ళీ ఆ మలుపుకే వస్తారు. పోయినసారి అలా వచ్చినప్పుడు ఏం తీసుకెళ్ళారో నేను చూశాను.