ఎనిమిది రంగులకు కంప్యూటర్ ఇచ్చిన జవాబు

మా చిన్నప్పుడు... గద్వాలల బస్టాండు దిక్కు మేడ మీద ఒక కంప్యూటర్ సెంటర్ ఉండె. ఒకటే అర్ర. చెప్పులు బయట ఇడిచి, కాళ్లు కడుక్కొని లోపటికి పోవాలె... మెషిన్లకు దుమ్ము తగులుతదని మా మేడంకు భయం.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా నాయిన చీరలు నేస్తుండె. ఎండకాలం సెలవులల్ల నన్ను అక్కడ చేర్పిచ్చిండు. నేర్పేది సుజాత మేడం. కర్నూల్ల డిగ్రీ చదివి అప్పుడప్పుడే వచ్చింది, నాకు అక్క లెక్కుండె. నీలం తెర మీద పసుపు అక్షరాలు... నేను రాసింది కంప్యూటర్ వింటుందంటే నాకెంత గీరనో!

దసరా సెలవులు అయిపోయినంక బడిల సైన్స్ ప్రదర్శన పెట్టిండ్రు. నేను ఒక చిన్న ప్రోగ్రామ్ రాసిన. చీరల ఇన్ని రంగుల దారాలుంటే వాటిని పక్కపక్కన ఎన్ని తీర్ల పెట్టొచ్చో చెప్తది. మూడు రంగులకు ఆరు తీర్లు. నాలుగైతే ఇరవై నాలుగు. మేడం సెంటర్ల కంప్యూటర్‌ను దుప్పటిల చుట్టి, ఆటోల ఒళ్లె పెట్టుకొని మరీ తెచ్చింది.

నాయిన ఆ పొద్దు మగ్గం దిగి, ఉతికిన అంగీ తొడుక్కొని వచ్చిండు. తోటి నేతగాళ్లను గూడ ఎంబడి తెచ్చిండు. "మా బిడ్డ కంప్యూటర్‌కు లెక్కలు నేర్పింది" అని కనపడ్డోళ్లందరికి చెప్తుండు...

చూసేటోళ్లు అంకెలు చెప్తుండ్రు, నేను కొడుతున్న. ఐదుకు నూట ఇరవై వచ్చింది. ఏడుకు ఐదు వేల నలభై. "వామ్మో, అన్ని తీర్లా!" అన్నరు.

అప్పుడు నాయిన ముందలికి వచ్చి అన్నడు, "ఎనిమిది కొట్టు బిడ్డా."

కొట్టిన.

మైనస్ ఇరవై ఐదు వేల రెండు వందల పదహారు!

మార్కులేయనీకి వేరే ఊరి నుంచి వచ్చిన లెక్కల సారు అద్దాలు సదురుకొని చూసిండు. "ఏందమ్మా ఇది? రంగులు పెరిగితే చీరలు తగ్గుతున్నయి. ఉన్న చీరలు గూడ విప్పాల్నా ఏంది?"

అందరు ఫక్కున నవ్విండ్రు. మేడం మొఖం ఎర్రగయింది. "వైరస్ వచ్చినట్టుంది సార్" అని బంద్ చేసి మళ్ల పెట్టింది. మళ్ల ఎనిమిది కొట్టిన... మళ్ల అదే మైనస్. ఈసారి ఇంకా గట్టిగ నవ్విండ్రు. నేను తల దించుకున్న. తలెత్తి చూసేసరికి నాయిన లేడు. ఎప్పుడు పోయిండో...

రాత్రి అన్నం కాడ నాయిన మెల్లగ అన్నడు, "నేను అడగకపోతే బాగుండు బిడ్డా. నా నోరే మంచిది గాదు. మెషిన్ ఏమన్న కరాబైందా?"

"లేదు నాయినా" అన్న. అంతకన్న ఏం చెప్పాల్నో నాకే తెల్వదు. మేము ఏడు దాటి ఎన్నడు కొట్టి చూడనే లేదు.

తెల్లారి నుంచి బడిల నా పేరు మైనస్ పద్మ. సెంటర్‌కు పోవుడు బంద్ చేసిన. మేడం ఎదురొస్తే ఇంకో గల్లీల నుంచి పోయేదాన్ని...

ఒక ఆదివారం మేడమే మా ఇంటికి వచ్చింది. అమ్మ ఇచ్చిన చాయ్ చేతిల పట్టుకొని, తాగకుండ అన్నది...

"పద్మా, నేను వైరస్ అన్న గదా... అది నిజం గాదు. నాకు తెల్వక అన్న. నీకంటే నాకే ఎక్కువ సిగ్గయితుంది. ఎందుకట్లయిందో ఇద్దరం కలిసి చూద్దాం రా."

టీచర్ నోట "నాకు తెల్వదు" అన్న మాట ఇనుడు నాకు అదే మొదలు.

పోయినం. ఒకటికి ఒకటి కలుపుకుంట పోయే ప్రోగ్రామ్ రాసింది మేడం. ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాక అంకెలు సక్కగ వచ్చినయి. దాని తర్వాత ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది వచ్చింది గని... ముందల మైనస్ పెట్టుకొని వచ్చింది! ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. మైనస్ పడుతున్న జాగ దొరికింది. ఎందుకు పడుతుందో మాత్రం తెల్వదు.

మేడం కిందికి దిగి, ఎస్టీడీ బూత్ నుంచి కర్నూల్ల తనకు చదువు చెప్పిన సారుకు ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడి, వచ్చేటప్పుడు దుకాణంల చింతగింజలు అడుక్కొచ్చింది. నేల మీద సుద్దముక్కతోని వరుసగ పదహారు గళ్లు గీసింది.

"మనం ప్రోగ్రామ్‌ల అంకె అని రాస్తే కంప్యూటర్ లోపట దానికి గిన్ని గళ్లే ఇస్తది. గడిల గింజ ఉంటది, లేకుంటే ఖాళీ. దానికి అంతే తెలుసు. నిండిన గడిల ఇంకోటి పడితే అది ఖాళీ అయి, గింజ ఎడమ పక్క గడిలకు పోతది. ఈ ఎడమ దిక్కు మొదటి గడి అంకె కోసం గాదు... అండ్ల గింజ పడితే మైనస్ అన్నట్టు."

మిగిలిన పదిహేను గళ్లు గింజలతోని నింపినం, అదే ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు. ఇంకొకటి కలిపితే అవన్ని ఖాళీ అయి, గింజ పోయి ఆ మొదటి గడిల పడ్డది.

కంప్యూటర్ వచ్చు అని ఊరంత చెప్పుకున్న నాకు, నేను రాసిన దాని కింద ఏం నడుస్తుందో అంతదాక తెల్వనే తెల్వదు... నలుగురు నవ్విన దానికంటే ఇదే ఎక్కువ సిగ్గనిపిచ్చింది.

ప్రోగ్రామ్‌ల ఒక్క మాట మార్చినం. ఎక్కువ గళ్లు కావాలె అని. ఎనిమిదికి నలభై వేల మూడు వందల ఇరవై వచ్చింది, ఆ పదిహేను గళ్లల పట్టని అంకె.

ఆ సాయంత్రమే నాయినను పిలుచుకొచ్చి అంత చూపిచ్చిన. ఆయన గింజలను చాలాసేపు చూసిండు. తర్వాత చిన్నగ అడిగిండు...

"అంటే... ఆ దినం నేను అడిగినందుకు గాదా బిడ్డా?"

"గాదు నాయినా. ఎవరడిగినా అట్లనే వస్తుండె."

నాయిన గోడకు ఒరిగి కూసొని, రుమాలుతోని మొఖం తుడుచుకున్నడు. అన్ని రోజులు ఆ సిగ్గు నా ఒక్కదానిదే అనుకున్న... ఆయన గూడ మోస్తుండని నాకు తోచనే లేదు.

బడిల మాత్రం ఎవ్వరికి చెప్పలేకపోయిన. నవ్విన ముచ్చట అందరికి యాదున్నది గని, ఎందుకట్లయిందో ఇనేటోళ్లు ఎవరు? పదో తరగతి అయిపోయేదాక నేను మైనస్ పద్మనే.

ఇప్పుడు ఆ మేడ మీద గాజుల దుకాణం నడుస్తుంది. అందరి జేబులల్ల కంప్యూటర్లే... ఏదడిగినా రెప్పపాటుల జవాబు చెప్తున్నయి. అది తప్పైనా ఒప్పైనా, లోపట ఏమైందో అని నేల మీద కూసొని చూసే తీరిక ఎవరికున్నది?

మీకు గూడ నలుగురి ముందల తల దించుకున్న రోజు ఒకటి ఉండే ఉంటది... ఆ దినం మీ పక్కన ఎవరున్నరో జర కింద రాయుండ్రి. నాకు చదవాలని ఉంది...