తీర్థంలో కొన్న గాలి

మా నాన్నకి కోపం ముక్కు మీదే ఉండేది. నాకూ ఆయన పోలికే వచ్చింది. అమ్మకి మాత్రం కోప్పడడానికి ఊపిరి చాలేది కాదు, ఉబ్బసం. ఆయాసం వచ్చిందంటే కుంపట్లో ఎండు ఉమ్మెత్తాకు వేసి ఆ పొగ పీల్చేది. నాన్న వెనక కూర్చుని రెండు చేతులతో ఆమెను ఎత్తి పట్టుకునేవాడు.

అమలాపురం డాక్టరుగారు ఒకసారి మాటల్లో అన్నారు: "పైదేశాల్లో హీలియం అని ఓ గాలి ఇస్తారండీ. మామూలు గాలికంటే బాగా తేలిక. ఆక్సిజన్‌తో కలిపి పీలిస్తే, బిగుసుకుపోయిన గొట్టాల్లోంచి కూడా సులువుగా దూరిపోద్ది. నిప్పు పెట్టినా అంటుకోదు. జబ్బు తగ్గదనుకోండి, కాసేపు ఊపిరాడుద్ది. అయినా మనకెక్కడ దొరుకుద్ది లెండి!"

నాన్న అన్నీ గుర్తుపెట్టుకున్నాడు, దొరకదన్న మాట తప్ప.

ఆ ఏడు శివరాత్రికి ముక్తేశ్వరం తీర్థంలో ఒకడు ఇనప పీపాలోంచి గేస్ నింపి బుడగలు అమ్ముతున్నాడు. దారం వదిలితే బుడగ కొబ్బరిచెట్ల పైకి పోతోంది. "తేలిగ్గా ఉంది చూసేవా, అదేనే ఇది!" అంటూ నాన్న గుత్తి మొత్తం కొనేశాడు. చుట్ట కాల్చుకుంటూ దగ్గరికొచ్చిన ఒకాయన్ని బుడగలవాడు బండబూతులు తిట్టి తరమడం నేను చూశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ కుంపటి ముందు ఎగశ్వాసతో ఉంది. నాన్న గుత్తి పట్టుకుని ఆమె పక్కన చతికిలబడి, ఒక బుడగ మూతి విప్పబోయాడు.

"ఆగండి నాన్నగారూ! ఇది అంటుకుంటాదేమో! ఆ బుడగలోడు చుట్ట కాల్చే ఆయన్నెందుకు తరిమేడు?"

"అంటుకోదని డాక్టరుగారే చెప్పేరే!"

"ఆయన చెప్పిన గాలి ఇదేనని మీకెవరు చెప్పేరు?"

చెంప ఛెళ్లుమంది. నేను ఆయన చెయ్యి రక్తం వచ్చేలా కొరికాను. జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. "మీ అమ్మ చస్తుంటే నీ పంతమేంటే, రాక్షసీ!"

లేచి అమ్మ రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. ఆలోపే ఆయన ముడి విప్పాడు.

గుత్తి గుత్తంతా భగ్గుమంది. కాలిన రబ్బరు నాన్న చేతులకి అంటుకుపోయింది. అప్పటిదాకా మాట పెగలని అమ్మ, "ఏవండీ! ఏవండీ!" అని వీధి వినేలా అరుస్తూ తడిగోనెతో ఆ మంటలార్పింది.

తీర్థాల్లో అమ్మేది హైడ్రోజన్ అనీ, నిప్పు తగిలితే పేలిపోతుందనీ డాక్టరుగారు కట్టు కడుతూ చెప్పారు. నాన్న తలెత్తలేదు. నాకు జాలి వెయ్యలేదు, ఒళ్లు మండిపోయింది.

ఆ కట్లు విప్పకముందే అమ్మకి ఆఖరి ఆయాసం వచ్చింది. ఎత్తి పట్టుకోవడానికి నాన్నకి చేతులు లేవు. నేనే పట్టుకున్నాను. ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని అమ్మ ముఖం మీద నోటితో గాలి ఊదుతూనే ఉన్నాడు. అమ్మ మెడ వాలిపోయింది. "ఇంక చాలండి, నాన్నగారూ" అన్నాను. ఆయన ఆపలేదు.