మొదటి బోరుకే నీళ్ళు పడిన గ్రహం

ఇది రాసి పెట్టకపోతే మా ఊళ్ళో వేరే కథ నిలబడిపోతుంది: మా నాయన టీవీ సీరియల్ చూసి పాడి ఎనుములు అమ్మబోయాడని. ఆయన సీరియళ్ళు చూసే మనిషి కాడు. బలవంతంగా కూర్చోబెట్టి చూపించింది నేను. తప్పు ఎవరిదో సరిగ్గా తేలాలి.

పదో తరగతి తప్పిన నన్ను ఉరవకొండ లైబ్రరీ మనిషిని చేసింది. నక్షత్రాల మీద అక్కడున్న మూడు పుస్తకాలూ చదివాను. ఒకదానికి చివరి పేజీలు లేవు, అయినా వెనక్కి తగ్గలేదు. అందుకే ఆదివారం మధ్యాహ్నం తెలుగులో వచ్చే ఆ అంతరిక్షం సీరియల్ మా వీధిలో నా ఒక్కడికే అర్థమవుతుందని నా నమ్మకం. "ఇందులో ప్రతి ముక్కా చదువుకున్నోళ్ళు రాసిందే" అని ఆర్నెల్లు ఇంట్లో ప్రచారం చేశాను.

ఆ వారం వాళ్ళ ఓడ చుక్క నీళ్ళు లేని ఎర్రటి గ్రహం మీద దిగింది. నాయన అప్పుడే చేను నుంచి వచ్చాడు. మాకు ఐదు బోర్లు ఎండిపోయి, ఆరోది దగ్గుతూ పోస్తోంది. ఎనిమిదేళ్ళ బత్తాయి చెట్లు, మా మాటలో చీనీ, ఆకులు ముడుచుకుంటున్నాయి.

"కూర్చో నాయనా, అచ్చం మన ఊరి మాదిరే ఉండాది" అన్నాను.

తెర మీద శాస్త్రవేత్త ఒకామె కోలగా ఉన్న యంత్రాన్ని అరచేతిలో పెట్టుకుని నడిచింది. ఒకచోట అది నిటారుగా లేచి మెరిసింది. అక్కడ బోరు దించారు. నిమిషంలో నీళ్ళు ఆకాశానికి ఎగిశాయి.

ఒక్కరి మొహం మీదా రాతిపొడి లేదు. కేసింగ్ పైపు లేదు. బోరు లారీ వాళ్ళకు వంట చేసినవాళ్ళు లేరు. త్రీఫేజు కరెంటు కోసం ఎవరూ కాచుకోలేదు. "నా బోరు ఎండగొట్టినావే" అంటూ పక్క చేను వాడు కొట్లాటకు రాలేదు. ఇవన్నీ మనసులోనే మింగి చప్పట్లు కొట్టాను. అభిమానికి అదే పని.

నాయన చప్పట్లు కొట్టలేదు. మా దగ్గర బోరు వేసే ముందు టెంకాయ చూసే ఆయన్ను పిలుస్తారు. ఆయన అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న టెంకాయ ఎక్కడ నిలబడితే అక్కడ నీళ్ళు. మా ఐదు ఎండు బోర్ల దగ్గరా అది నిటారుగానే నిలబడింది.

"చూడ్రా, వాళ్ళు గూడా టెంకాయతోనే చూస్తాండారు!"

"అది టెంకాయ కాదు నాయనా, యంత్రం."

"పీచు తీసినారు, అంతే. ఇన్నాళ్ళూ నన్ను ఎగతాళి చేస్తివి గదా." అమ్మ వైపు తిరిగాడు. "బేరగాణ్ణి రమ్మంటా. ఎనుములు రెండూ అమ్మి ఏడో బోరు ఏపిస్తా."

ఇంటికి నికరంగా వచ్చేది ఆ పాలే. "అవి పోతే ఏం తాగల్ల? ఆ గ్రహం నీళ్ళా?" అంది అమ్మ.

మరునాడు లైబ్రరీ తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. భూగర్భజలాల పుస్తకం తెచ్చి నాయనకు చదివి వినిపించాను: మన కింద ఉన్నది గట్టి రాయి, నీళ్ళుండేది పగుళ్ళలో, పగులు తగలకపోతే ఎంత లోతు పోయినా దుమ్మే.

"ఇది రాసినోడూ చదువుకున్నోడే. అది రాసినోళ్ళూ చదువుకున్నోళ్ళే అంటివి. యాదాన్ని నమ్మల్లప్పా?"

బేరగాడు అప్పటికే వాకిట్లో ఎనుముల పళ్ళు చూస్తున్నాడు. మోటార్లు రిపేరు చేసే పక్కింటి భాయ్ గోడ మీద మోచేతులు ఆనించి, "చెప్పు సామీ, పెద్ద చదువరివి!" అన్నాడు.

"టీవీది అబద్ధం నాయనా. చూసేటప్పుడే తెలుసు నాకు."

"మరి చప్పట్లు ఎందుకు కొడ్తివి?"

"బాగుండె గాబట్టి."

"అబద్ధంలోనైనా నీళ్ళు పడితే ఎవురికైనా బాగానే ఉంటుందిలే" అని నాయన బేరగాడికి మజ్జిగ ఇప్పించి పంపేశాడు.

సగం చీనీ చెట్లు కొట్టేశాం. ఆరో బోరు మిగతా సగానికి సరిపోతోంది.

ఇందులోవాళ్ళు తమ పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వరసలతోనే చెబుతున్నాను. గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రరీ మేడమ్‌కు, నా పరువు పోవడం దగ్గరుండి చూసి వీధంతా చెప్పిన భాయ్‌కు, ఆ రోజు నాకు రెండో గ్లాసు పాలు పోసిన అమ్మకు కృతజ్ఞతలు. నాయనకు కూడా. ఇప్పుడాయన ఆదివారం నా పక్కనే కూర్చుంటాడు. అనుమానం వచ్చినప్పుడల్లా తెర వదిలేసి నా మొహం చూస్తాడు. అబద్ధమైతే నేను తల ఊపాలి. పోయిన వారం మెడ నొప్పి పుట్టింది.