మూడో బోర్డు వైరు

మధ్యాహ్నం మూడు ముప్పావుకి నాకు రోజూ ఒక పని ఉండేది. పాత కళ్ళద్దాల పెట్టెలోంచి ఇయర్‌ఫోన్ వైరు తీసి, చిక్కులు విప్పి, పిన్నుని మెత్తటి గుడ్డతో తుడిచి ఫోను అడుగున ఉన్న కన్నంలో గుచ్చేదాన్ని. టిక్కుమని వేలికి తెలియాలి. తెలియకపోతే మా అత్తయ్య ఒప్పుకునేది కాదు. "సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్ళీ పెట్టు అమ్మాయీ" అనేది, చెవులు వినపడకపోయినా. అప్పుడు కుడి చెవిది ఆవిడ చేతికి ఇచ్చేదాన్ని. ఎడమ చెవిది మెడ కింద ఊరికే వేలాడేది. ఆ చెవి ఎప్పుడో పోయింది. సరిగ్గా నాలుగింటికి ఫోను మోగేది.

అత్తయ్య పోయి మూడు నెలలు దాటింది. మొన్న మూడు ముప్పావుకి ఏం చేయాలో తోచక, తోమిన గిన్నెలే దింపి మళ్ళీ తోమాను. మా ఆయన కూడా వాళ్ళమ్మ కుర్చీలో కూర్చోకుండా నేల మీదే కూర్చుంటున్నాడు.

ఆవిడ పంతొమ్మిదో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు గాని, అప్పట్లో ఒక ఇంటి ఫోను ఇంకో ఇంటికి దానంతటదే కలిసేది కాదు. మధ్యలో ఒక మనిషి కూర్చుని కలపాలి. పొడుగాటి గదిలో ఇరవై మంది ఆడవాళ్ళు వరసగా, ఎదురుగా ఒక్కొక్కరికి ఒక్కో బోర్డు, బోర్డు నిండా జల్లెడలా కన్నాలు. ఎవరైనా ఫోను ఎత్తితే కన్నం పక్కన చిన్న దీపం వెలిగేది. అందులో వైరు గుచ్చి "నంబరు చెప్పండి" అనాలి. చెప్పాక, రెండో వైరు ఆ నంబరు కన్నంలో గుచ్చాలి. ఇద్దరూ మాట కలిపాక, మీట నొక్కి మనం లైనులోంచి తప్పుకోవాలి. మన ఫోనుకి పిన్ను గుచ్చే కన్నం ఆ బోర్డు కన్నానికి మనవరాలని అత్తయ్య చెప్పేది. "పేరు కూడా అదేనే, జాక్. నా చేతుల మీదుగా పెరిగిన పిల్ల" అనేది.

అక్కడ పేర్లు పెట్టి పిలుచుకునేవారు కాదట. బోర్డు నంబరే పేరు. మా అత్తయ్య మూడో బోర్డు. ఆవిడ స్నేహితురాలు ఏడో బోర్డు. మధ్యలో ముగ్గురు కూర్చున్నా, ఇద్దరూ ఒకరి దగ్గు ఒకరు గుర్తుపట్టేవాళ్ళట. తర్వాత యంత్రాలు వచ్చి బోర్డులు ఎత్తేశారు. అత్తయ్యని ఫిర్యాదుల గదిలో వేశారు. ఏడో బోర్డు ఆవిడ ఉద్యోగం మానేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది, ఇక్కడికి ఏడు గంటల ప్రయాణం. అప్పటినుంచి ఇద్దరికీ ఫోనే.

ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్ళు ఊరి గుట్లన్నీ ఆవిడ చెవిలోంచే వెళ్ళాయి. అంతమంది మాటలు మోసిన మనిషి నోట్లో నువ్వుగింజ కాదు, బస్తా నువ్వులు వేసినా నానిపోయేవి. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మా అమ్మతో ఫోనులో మాట్లాడుతూ ఏడ్చేదాన్ని. నేను ఫోను ఎత్తగానే అత్తయ్య లేచి పెరట్లోకి వెళ్ళి గిన్నెలు గలగలలాడించేది. నాకు కోపం వచ్చేది, నా ఏడుపు ఈవిడకి చిరాకులా ఉంది అనుకునేదాన్ని. రెండేళ్ళు పోయాక అర్థమైంది. నేను వినడం లేదు, నువ్వు నిశ్చింతగా మాట్లాడుకో అని ఆ చప్పుడు. ఆ సంగతి ఆవిడ నాకు ఎన్నడూ నోటితో చెప్పలేదు.

డెబ్భై దాటాక కుడి చెవి కూడా మందగించింది. చెవి మిషను పెట్టిస్తే ఈలలు వేసేది. "గోడలకి చెవులుంటాయంటారు. ఈ ఇంట్లో గోడలకే ఉన్నాయి, నాకు లేవు" అని ఆవిడే నవ్వేది. కాని వైరు గుచ్చి, శబ్దం పూర్తిగా పెంచి ఇస్తే ఫోనులో మాట మాత్రం అందేది. చెడిపోయిన లైన్లలో, ఉరుముల్లో, సగం సగం మాటలు ఏరుకుని నంబర్లు కలిపిన చెవి కదా. ఏడో బోర్డు ఆవిడకి పక్షవాతం వచ్చి నాలుక మొద్దుబారింది. సొంత కోడలికే ఆ మాట సగం తెలిసేది కాదు. మా అత్తయ్యకి తెలిసేది. "ఏమే, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నావా? మింగి చెప్పు" అని ఎగతాళి చేస్తూనే, ఒక్కో మాట రెండుసార్లు, మూడుసార్లు చెప్పించుకునేది. ఆవిడ రోజు మొత్తంలో అర్థమయ్యేలా మాట్లాడేది ఆ నాలుగింటి ఫోను అరగంటే అని వాళ్ళ కోడలు నాతో చెప్పింది.

కిందటేడు మా ఆయన తల్లికి కొత్త ఫోను కొన్నాడు. పాతది కొట్లో మార్పిడికి ఇచ్చేశాడు. ప్రేమగానే కొన్నాడు. పెద్ద అక్షరాలు, మంచి బొమ్మ. కాని దానికి పిన్ను కన్నం లేదు. వైరు లేని చెవి గుండ్లు రెండు, చిన్న డబ్బీలో పెట్టి ఇచ్చాడు.

"వైరు ఏదిరా?" అంది అత్తయ్య.

"వైర్లు ఇప్పుడెవరు వాడుతున్నారమ్మా? ఇది పెట్టుకో, ఎంత హాయిగా ఉంటుందో చూడు."

ఆవిడ పెట్టుకుంది. "బాగుందిరా" అంది. కొడుకు మొహం వెలిగింది.

ఆ తర్వాత జరిగింది నా కళ్ళముందే జరిగింది. గుండు చెవిలో నిలిచేది కాదు. జారుతోందని వేలితో నొక్కితే ఫోనే కట్ అయ్యేది. డబ్బీలో పెట్టడం మరిచిపోతే మాట మధ్యలో చార్జింగ్ అయిపోయేది. ఒకసారి ఆ గుండ్లు మా ఆయన ఫోనుకి కలిసిపోయి, అత్తయ్య చెవిలో ఆఫీసు వాళ్ళ మాటలు పడ్డాయి. ఆవిడ తప్పు చేసినదానిలా పీకి పక్కన పెట్టేసింది. అన్నిటికంటే నేను గమనించింది ఒకటుంది. "మళ్ళీ చెప్పవే" అనడం మానేసింది. "ఊఁ... ఊఁ... అలాగే, అలాగే" అనడం ఎక్కువైంది. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. ఏమిటీ అలాగేలు అని ఒక్కసారి వెళ్ళి అడిగి ఉండాల్సింది. పొయ్యి మీద ఏదో ఉండేది, ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

ఒక మంగళవారం ఏడో బోర్డు ఆవిడ కోడలు నాకు ఫోను చేసింది.

"అక్కా, పెద్దావిడకి ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఏం?"

"ఆదివారం వస్తానన్నారట కదా. మా అత్తయ్య ఉతికిన బట్టలు కట్టించుకుని గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇప్పుడు ఫోను ఇస్తుంటే వద్దని మొహం తిప్పేస్తోంది. ఏమన్నా కోపాలా?"

మా అత్తయ్య ఎక్కడికి వెళ్తుంది? గుండె బలహీనమని డాక్టరు మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు. ఏడో బోర్డు ఆవిడ అడిగి ఉంటుంది, "ఒక్కసారి వచ్చి కనపడి పోవే, ఆదివారం వస్తావా?" అని. ఈవిడ వినపడక, "అలాగే" అనేసి ఉంటుంది.

ఎలా చెప్పను? అరిచి చెప్పే మాట కాదు. సరుకుల చీటీ వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చేతిలో పెట్టాను. చదివింది. మడిచింది. మళ్ళీ విప్పి చదివింది.

"ఇరవై రెండేళ్ళు" అంది. "ఒక్క కాల్ తప్పుగా కలపలేదే అమ్మాయీ. ఒక్కటి. ఇప్పుడు కలిపాను."

"వినపడటం లేదని చెప్పొచ్చుగా అత్తయ్యా!" అన్నాను చెవి దగ్గర నోరు పెట్టి.

"వాడు ముచ్చటపడి కొన్నాడు. మొహం చిన్నబుచ్చుకుంటాడు." చీటీ మడుస్తూ, "దానికేమో మాట ముద్ద. పదిసార్లు అడిగితే, తన మాట ఎవరికీ తెలియడం లేదని ఏడుస్తుంది. ఊఁ అంటే పోయేదేముందిలే అనుకున్నాను" అంది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టి లేచిపోయింది.

"నేను రాలేనని నా నోటితో చెప్పాలి. అది తిడితే వినాలి. ఆలోగా దానికేమన్నా అయితే, నేను అబద్ధాలకోరునై మిగిలిపోతాను" అంది నాతో. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగిన పని అదొక్కటే.

మర్నాడు వైరు చేతిసంచిలో వేసుకుని బయలుదేరాను. పెద్ద కొట్టుకి వెళ్ళి పిన్ను కన్నం ఉన్న ఫోను కావాలన్నాను. అమ్మేవాడు పక్కవాడి వైపు చూసి నవ్వాడు.

"ఏ కాలంలో ఉన్నారమ్మా? ఇప్పుడంతా గాల్లోనే."

గాల్లో పోయే మాటలు మాకొద్దు నాయనా, చెవిలో పడే మాటలు కావాలి అని చెప్పాల్సింది. మెట్లు దిగాక తట్టింది. నాకెప్పుడూ అంతే.

రెండో కొట్లో చిన్న తోకలాంటి ముక్క ఇచ్చారు, దీన్ని చార్జింగ్ కన్నంలో పెట్టి దీనికి వైరు తగిలించండి అని. ఇంటికి తెచ్చి పెడితే మాట వస్తుంది, ఫోను కాస్త కదిలితే పోతుంది. మళ్ళీ బయలుదేరాను. మూడో కొట్టు, నాలుగో కొట్టు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లోనే శని. అద్దాల వెనక అన్ని ఫోన్లు మెరుస్తున్నాయి, ఒక్కదానికీ ఆ చిన్న కన్నం లేదు.

ఆఖరికి ఒక సందు చివర, కంటికి భూతద్దం తగిలించుకుని ఫోన్లు బాగుచేసే పెద్దాయన దొరికాడు. నేను వైరు తీసి బల్ల మీద పెట్టగానే విషయం అర్థమైపోయింది ఆయనకి.

"ఇంకా ఎవరైనా వాడుతున్నారా బాబాయిగారూ ఇవి?" అన్నాను, సిగ్గుగా.

"ఎవరూ వాడటం లేదని కంపెనీల వాళ్ళంటారు. వాడేవాళ్ళంతా వచ్చి నా బుర్ర తింటారు. మొన్న ఒక బస్సు డ్రైవరు. నిన్న పాఠాలు వినే ఒకమ్మాయి. ఇవాళ మీరు. ఎవరి కోసం?"

"మా అత్తయ్య కోసం. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు మీద చేసింది."

ఆయన భూతద్దం తీసేసి నన్ను చూశాడు. "అయితే ఆవిడకి గాల్లోవి పనికిరావు" అని సొరుగు లాగాడు. వాడిన ఫోన్లు అరడజను తీసి, ఒక్కోదాని కన్నంలో పుల్లకి దూది చుట్టి తుడిచాడు. నా వైరు గుచ్చి, వినమన్నాడు. నాలుగోది నచ్చింది. పిన్ను గుచ్చితే టిక్కుమంది.

మా ఆయనకి ఆ సాయంత్రమే చెప్పాను. "నాతో అనొచ్చుగా అమ్మ! నేనేమన్నా పరాయివాణ్ణా?" అన్నాడు. చాలాసేపు ఆ గుండ్ల డబ్బీ మూత తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు నాలుగింటికి మేమే చేశాం. కోడలు ఎత్తింది. "మాట్లాడనంటోంది అక్కా" అంది. "మాట్లాడక్కర్లేదు, చెవి దగ్గర పెట్టు చాలు" అన్నాను.

అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చుంది. గొంతు సవరించుకుంది. నేనెన్నడూ వినని గొంతుతో, మెత్తగా, స్పష్టంగా అంది: "ఏడో బోర్డు, మూడో బోర్డు మాట్లాడుతున్నాను. లైను కలిసింది. చెప్పండి."

అటునుంచి ఏమీ లేదు. అత్తయ్య కదల్లేదు. మళ్ళీ అదే మాట, అదే గొంతుతో. మూడోసారి అనబోతుండగా ఆగి, చెవిది వేలితో అదుముకుంది. ఏదో వినపడింది. ఇక నేను అక్కడ ఉండకూడదు. పెరట్లోకి వెళ్ళి గిన్నెల మీద నీళ్ళు వదిలాను.

అరగంటకి పిలిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రాలేనని చెప్పాను. తిట్టింది."

"ఏమని?"

"నీకెందుకు? అది మా ఇద్దరి లైను" అంది. మళ్ళీ తనే, "ప్రతి తిట్టూ వినపడింది అమ్మాయీ. ఒక్కటి కూడా పోలేదు" అంది. ఆ రాత్రి కడుపు నిండా తింది.

అయిదు నెలలు మాట్లాడుకున్నారు. ఒక్క అలాగే లేదు. తెలియకపోతే తెలియలేదే అనేది. తర్వాత ఒకరోజు భోజనం చేసి పడుకున్న అత్తయ్య మూడు ముప్పావుకి లేవలేదు. ఏడో బోర్డు ఆవిడకి ఆ కబురు నేనే చెప్పాను, ఆ ఫోనులోనే. అటునుంచి ఊపిరి మాత్రం వినపడింది. తర్వాత కాల్స్ ఆగిపోయాయి. నంబరు తీసేయిద్దామా అని మా ఆయన అడిగితే, ఉండనీయండి అన్నాను.

నిన్న నాలుగింటికి ఆ ఫోను మోగింది. కోడలు. "అక్కా, నాలుగైతే చాలు, ఫోను వైపు చూసి ఏదేదో అంటోంది. మాకు తెలియడం లేదు. నీకు వీలుంటే కాసేపు..."

వైరు తెచ్చి గుచ్చాను. కుర్చీలో కూర్చున్నాను. "చెప్పండి పిన్నిగారూ" అన్నాను.

ముద్దముద్దగా ఏదో అంది. నా చెవులు మంచివే గాని, మా అత్తయ్య చెవులు కావు. ఊఁ అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "తెలియలేదు పిన్నిగారూ, మళ్ళీ చెప్పండి." మళ్ళీ చెప్పింది. అందులో "బోర్డు" ఒక్కటి అందింది. అప్పుడే వాన మొదలైంది.

"ఏమమ్మోయ్, వాన! నీ బట్టలన్నీ తడిసిపోతున్నాయి!" పై వాటా ఆవిడ కిటికీలోంచి కేకేసింది. పొద్దుటి నుంచి ఉతికినవి, దుప్పట్లు, ఆయన చొక్కాలు, అన్నీ తీగ మీదే ఉన్నాయి.

వైరు మూరెడు. ఫోను బల్ల మీద ఉంచి లేస్తే ఊడుతుంది, చేత్తో పట్టుకుని వానలో దుప్పట్లు తీయలేను.

"ఇందాక బోర్డు అన్నారు కదా, దాని తర్వాతది అందలేదు" అన్నాను. ఆవిడ ఊపిరి తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టింది. తీగ మీది దుప్పట్లు బరువెక్కి నేలకి దిగుతున్నాయి. దిగనీ అనుకుని, చెవిది వేలితో అదుముకున్నాను.