పటేలు తగలబెట్టిన పెట్టె

లింగంపేట పోలీసు పటేలు సిద్దిరాములు ఏ పుస్తకమైనా చివరి అట్ట నుంచే తెరుస్తాడు. చదివింది ఉర్దూ, ఇంట్లో మాట్లాడే తెలుగుకు మాత్రం అక్షరాలు రావు. అందుకే తెలుగు పుస్తకం చూస్తే, ఎవరో తన వెనుక గుసగుసలాడుతున్నట్టు ఒళ్లు మండుతుంది. ఎల్లారెడ్డి పఠనాలయం వాళ్లు ఊరూరికీ పంపే పుస్తకాల పెట్టె, కొత్తగా చదువు నేర్చిన బీడీల చంద్రవ్వ ఇంట్లో ఉందని తెలిసి తలుపు తన్నుకుని వెళ్లాడు. అందులో నాటకాలు, వంటలు, దొంగల కథలు, నక్షత్రాలు, పశువైద్యం అన్నీ కలగలిసి ఉన్నాయి. దేవుడి బొమ్మ ఉన్నవి పక్కకు విసిరి, మిగిలినవన్నీ నిజాం సర్కారును తిట్టేవేనని తేల్చి, వాకిట్లో కుప్పపోసి తగలబెట్టించాడు. చంద్రవ్వ బీడీ చుట్టడం ఆపలేదు. రోజూ ఊడ్చి చల్లే వాకిట్లో ఆ బూడిదను మాత్రం ముట్టలేదు.

నాలుగో పొద్దున అతని ఎద్దు కడుపుబ్బి కూలబడింది. సిద్దిరాములు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"పోయినేడు మైసన్న ఎద్దుకు గిట్లనే అయితే, నువ్వే కితాబు చూసి మందు చెప్పినవట. ఏం మందో చెప్పు."

"నాకు నోటికి రాదు పటేలా, చూసి చదువుత," అంది చంద్రవ్వ తలెత్తకుండా. "జర కాళ్లు తియ్యి. నువ్వు నిలబడ్డది దాని మీదనే."