కారు తలుపుకు కట్టిన దారం

ఈ రోజు పొద్దున కారు బానెట్ ఎత్తగానే పులిసిన వాసన ఒకటి ముక్కుకు కొట్టింది. బ్యాటరీ కొసల చుట్టూ తెల్లగా, పచ్చగా పేరుకున్న పొక్కు వాసన అది. చూసేవాళ్లకు తుప్పే కావచ్చు గాని, నాకు మాత్రం ఖటోదరాలో మా చిన్నప్పటి సాంచల షెడ్డు వెనక, తొట్టెలో మిగిలిన గంజి ఎండకు పులిసినప్పుడు వచ్చే వాసన. అది తగిలితే చాలు, సూరత్‌లో ఎక్కడ నిలబడ్డా నా కాళ్ల కింద నేల వణుకుతుంది.

వణకడమని ఊరికే అనడం లేదు. సాంచలంటే మరమగ్గాలు, కింద అవి, వాటి నెత్తిన ఒంటి గదిలో, సొంతూరు వదిలి మగ్గం పనికి వచ్చిన నాన్న, అమ్మ, అక్క, నేను. పగలూ రాత్రీ గచ్చు అదురుతూనే ఉండేది, గోడకు తగిలించిన గంటెలు వాటంతట అవే మోగేవి, రాత్రి తోడు పెట్టిన పెరుగు తెల్లారేసరికి దానంతట అదే చిలికి వెన్న తేలి ఉండేది. నమ్మనివాళ్లు మానెయ్యండి, ఆ వెన్న తిని పెరిగిన ఒళ్లే ఇది. వానాకాలం ఖాడీ అనే మురికివాగు పొంగి నీళ్లు షెడ్డు గడప దాకా వస్తే, నూలు చుట్టే కండెలు ఖాళీవి ఏరి, వాటిని పడవలు చేసి వదిలేవాళ్లం. చలికాలం తాపీ నది ఒడ్డున లేత జొన్నకంకులు నిప్పుల్లో కాల్చి, దులిపి, సన్న కారప్పూస కలిపి పోంక్ అని అమ్మేవాళ్లు. ఊరు ఊరంతా పండుగలా తినే ఆ పచ్చగింజలను అమ్మ అరచేతిలో పోసుకుని, వాసన చూసి, "మన జొన్నలే గదరా, గీళ్లు ఇంత సంబురపడుతున్నరంటే దీంట్ల ఏదో మతలబు ఉన్నది" అని అనుమానంగానే నోట్లో వేసుకునేది. బతుకమ్మకు తంగేడు పువ్వు దొరక్క అంతా బంతిపూలతోనే పేర్చి, ఇంత దూరంలో, ఈ పూలలో గౌరమ్మ మమ్మల్ని గుర్తుపడుతుందో లేదోనని కూడా ఆమెకు అనుమానమే.

నిజానికి అనుమానమే మా ఇంటి కులదైవం. పోగు తెగితే ఎవరి కన్నో పడ్డట్టు, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరిపడితే ఎవరో దాన్ని దాటినట్టు. నాన్న తన కత్తెరను ఎవరూ ముట్టకుండా నడుముకు కట్టుకునే నిద్రపోయేవాడు.

తెగిన పోగును అతికే ముడి దగ్గర మాత్రం మా అమ్మకు అనుమానం ఉండేది కాదు. గుడ్డను తిరగేసి బొటనవేలితో తడిమి, ఏ ముడి ఎవరిదో చెప్పేది. నాన్న ముడి ఆవగింజంత, నాది రేగ్గింజంత. అక్కది పుర్రచెయ్యి కాబట్టి, అందరి ముడి కొసలూ కుడికి వాలితే ఆమెవి ఎడమకు వాలేవి. పైగా కత్తెర పట్టకుండా పంటితో కొరికేది. "నీ ముడిని చీకట్ల గూడ పట్టుకోవచ్చు పిల్లా" అనేది అమ్మ.

దీపావళికి షెడ్డు మూతపడి పనివాళ్లంతా ఊళ్లకు పోతే, ఆ నిశ్శబ్దానికి మాకు నిద్ర పట్టేది కాదు. ఆ రోజుల్లో సందెవేళ అక్కకు ఒకటే పని: ప్రమిదలో నూనె పోసుకుని మెట్లు దిగి, మొదటి సాంచ ముందు దీపం పెట్టి రావడం. తిండి పెట్టే యంత్రం ఆగిపోయి చీకట్లో ఉంటే అలుగుతుందనీ, అలిగితే మళ్లీ నడవదనీ మావాళ్ల నమ్మకం. నేను అక్క కొంగు పట్టుకుని వెంట పోయేవాణ్ణి. ఆ వెలుగులో వరసగా నిలబడ్డ సాంచలు, మేము అటు తిరగగానే ఏదో గుసగుసలాడుకునేవి. ఏమని అనుకునేవో కూడా చెప్పగలను గాని, ఇక్కడ వద్దు.

పెద్దయి, సూరత్‌లోనే గోడాదరాలో ఇల్లు కట్టుకుని, ఎవరో వాడిన కారొకటి కొనుక్కున్నాక ఇవన్నీ మరిచేపోయాను. అప్పుడు కరోనా వచ్చింది. ఊళ్లోని సాంచలన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. మా ఇంటి కింది వాటాలో అక్క, బావ. పై వాటాలో నేను, నా భార్య. బావకు అప్పటికే కిడ్నీలు చెడిపోయి, వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాల్సి వచ్చేది. ఆలస్యమైతే మొహం ఉబ్బి, ఊపిరి అందేది కాదు. ఆటో లేదు, బస్సు లేదు, ఉన్నది నా కారొక్కటే. సరిగ్గా అప్పుడే దాని బ్యాటరీ దిగిపోవడం మొదలైంది.

మొదటిసారి తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. పక్కింటి మల్లేశం మూతికి తువ్వాల చుట్టుకుని వెనక నుంచి నెట్టాడు. మెకానిక్ ఒకడు షట్టరు సగమే ఎత్తి ఛార్జింగ్ పెట్టి ఇచ్చాడు. వారం తిరగకముందే మళ్లీ అదే కథ. ఆ రోజు ఎంత నెట్టినా స్టార్టు కాక, చివరికి నీళ్ల ట్యాంకరు వాణ్ణి బతిమాలి తాడు కట్టి లాగిస్తే గాని ఇంజన్ అందుకోలేదు. ఆస్పత్రి చేరేసరికి బావ పెదవులు నల్లబడ్డాయి. వెనక సీట్లో అక్క ఆయన వీపు రాస్తూనే ఉంది.

ఇది బ్యాటరీ జబ్బు కాదని, మనిషి పనేనని నాకు గట్టిగా అనిపించింది. మొదటి అనుమానం మల్లేశం మీద. ఎందుకంటే నెట్టేటప్పుడు నవ్వాడు.

"ఏంది మల్లేశం, నా కారు దిక్కే సూస్తానవ్?"

"ఏంజెయ్యాలె కాకా, టీవీల సూసిందే సూసి యాష్టకొచ్చింది. నీ కారు నడుస్తదా లేదా అన్నది జర మజా ఉన్నది."

ఆ తర్వాత మెకానిక్‌ను అనుమానించాను, ఎలుకలను అనుమానించాను, ఫోనులో పాటలు వింటున్న నా భార్యను అనుమానించి ఒక పూట అన్నానికి దూరమయ్యాను. కారుకు షెడ్డు నుంచి తెచ్చిన ముతక గుడ్డతో కుట్టిన ముసుగు ఉండేది, నిలువునా కప్పేస్తే చక్రాలు కూడా కనబడవు. వెనక తలుపు తాళం ఎప్పుడో చెడిపోయింది. అందుకని ఆ వెనక తలుపు పిడి నుంచి ముందు తలుపు పిడికి ఒక సన్నటి పోగు బిగించి కట్టి, ముసుగు కప్పేశాను. దొంగ తలుపు తీస్తే పోగు తెగాలి.

పొద్దున చూస్తే పోగు ఉన్నది ఉన్నట్టే ఉంది. బ్యాటరీ మాత్రం చచ్చింది. ఇది మనిషి కాదు, దయ్యమేనని మల్లేశానికి చెప్పడానికి బయల్దేరి, ఎందుకో వెనక్కి వచ్చి పోగును వేలితో తడిమాను. నడుమ ఏదో తగిలింది. ముడి. ఆవగింజ కన్నా చిన్నది. కొసలు ఎడమకు వాలి ఉన్నాయి. పంటితో కొరికిన కొసలు.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు అక్క వచ్చి, అటూ ఇటూ చూడకుండా, ముసుగెత్తి లోపలికి దూరింది. కాసేపటికి ఆ ముతక గుడ్డ నెత్తిన మసక మసకగా వెలుగు పుట్టింది. జుట్టు సవరించుకుంటూ ఆమె బయటికి వచ్చేసరికి నేను ఎదురుగా ఉన్నాను.

"ఏం జేస్తానవక్కా అండ్ల?"

"దీపం బెట్టిన" అంది, పప్పు పొయ్యి మీద పెట్టానన్నట్టు. "ఆగిన బండిని చీకట్ల ఉంచుతమా తమ్మీ? మీ బావను మోసే బండాయె. నూనె దీపమే పెడ్దును. శానిటైజర్ కొట్టిన కారుల అగ్గిపుల్ల గీస్తే, కారే లేశి రెండో అంతస్తు బాల్కనీల పడ్డదని నువ్వే జెప్తివి గద. గందుకే లోపటి లైటు బుగ్గ ఏస్తాన. పొద్దుగాల వాకిలి ఊడ్వంగ బంద్ జేస్తాన."

ఆ బాల్కనీ కథ నేను చెప్పిందే. ఎవరి కారో, ఏ బాల్కనీయో నాకూ తెలియదు.

"మరి నేను కట్టిన దారం?"

"తెగింది, అతికిన. తెగిన పోగును సూసి ఎట్ల ఊకుంటం?"

రాత్రంతా వెలిగే ఆ చిన్న బల్బే ముసలి బ్యాటరీని పీల్చేస్తోందని చెబుదామని నోరు తెరిచాను. ఆ మాట వెంటనే బావ నల్లబడ్డ పెదవులు కూడా ఆమెకు గుర్తొస్తాయి. నోరు మూసుకుని, మళ్లీ తెరిచి, నాకు వచ్చిన పనే చేశాను.

"దీపం ఎనుక సీటుల పెట్టొద్దక్కా, బండి ఎనుకకే సూస్తదట. గందుకే ముంగటికి నడుస్తలేదు. సాంచకు గూడ ముంగటనే పెడ్తుంటివి గద. ఎదురుంగ, నేల మీద పెట్టు. ఆడికి అగ్గి భయం గూడ లేదు."

"ఎవలు జెప్పిండ్రు?"

"మెకానిక్ వాళ్ల తాత."

"ఆ తాతకు పేరన్న ఉన్నదా?" అంది అక్క, నా మొహంలోకి పట్టి చూస్తూ. మర్నాడు సందెవేళ మాత్రం ప్రమిద కారు ముందు, నేల మీద వెలిగింది. ఆ తర్వాత బ్యాటరీ దిగలేదు.

మరుసటిసారి ఆస్పత్రికి పోతుంటే, రోగి వెంట ఒక్కరినే రానిస్తున్నారని అక్క ఇంట్లోనే ఉంది. పక్క సీట్లో బావ మాస్కు కిందికి లాగి అడిగాడు.

"బామ్మర్దీ, లైటు సంగతి మీ అక్కకు జెప్పినవా?"

నా కాలు బ్రేకు మీద పడింది. "నీకు ఎరికేనా?"

"కిటికీ పక్కన పండుకునేటోన్ని. ముసుగు మీద రోజూ ఎలుగు కనబడదా?"

"మరి జెప్పకపోతివి. ఆ దినం ఊపిరి ఆగుతుండె గద నీకు."

"జెప్తే, నా చేతులతోనే గిట్లాయె అని ఆమెకు ఊపిరి ఆగుతది. నాకైతే మిషన్ ఉన్నది. ఆమెను ఏ మిషన్ మీద పండుకోబెడ్తవురా?" అని మాస్కు పైకి లాక్కున్నాడు. "ముంగట సూసి నడుపు. నువ్వు గూడ ఎనుకకు సూస్తవేంది?"

బావ ఆ కరోనా కాలాన్ని దాటాడు. ఆ తర్వాత ఒక ఎండాకాలం, మిషన్ నుంచి వచ్చిన రోజే, నిద్రలో పోయాడు. కారు ఆ రోజు కూడా ఒక్క తిప్పుకే స్టార్టయింది. అక్క కూతురి దగ్గరికి జగిత్యాల వెళ్లిపోయింది. ఖటోదరాలో మా షెడ్డు కూల్చి గోదాం కట్టారు. కొత్త మగ్గాల్లో నాడె లేదు, కండె లేదు. గుడ్డను తిరగేసి తడిమే వేలు కూడా ఎవరికీ లేదు. దీపావళికి మూతపడ్డ షెడ్ల ముందు ఎవరైనా దీపం పెడుతున్నారేమోనని ఒకసారి వీధి వీధీ తిరిగి చూశాను. తాళాలు కనబడ్డాయి, కెమెరాలు కనబడ్డాయి.

ఈ రోజు పొద్దున మెకానిక్ కుర్రాడు వచ్చి, మీటరు పెట్టి చూసి, "ఉమర్ హో గయీ కాకా" అన్నాడు. దానికి వయసైపోయింది, కొత్తది వేసుకోమని.

"సరిగ్గా చూడు భాయ్," అన్నాను. "ఎవరో లోపల లైటు వేసి ఉంటారు."

అతను వెనక తలుపు తీసి, లోపలికి వంగి, తల పైకెత్తి చూశాడు. లైటు ఆర్పే ఉందన్నాడు.