పాలు మాన్పించింది నేనే

మా అమ్మాయి తన పిల్లాడికి పాలు మాన్పిస్తానని పుట్టింటికి వచ్చినప్పటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. వాడు తల్లిని వదలడు, అమ్మాయేమో వేపాకు ముద్ద రేపు రాద్దాంలే అని వాయిదా వేస్తూ ఉంటుంది. వాడిని చూడడానికి అమలాపురం నుంచి వచ్చిన మా అక్క, మొన్న నవ్వుతూ అమ్మాయితో పాత మాటే ఎత్తింది.

"దీనికంత ఆలోచనేంటే? నీకు పళ్ళన్నా సరిగ్గా రాలేదు, మీ అమ్మ మాన్పించేసి కువైట్ విమానం ఎక్కేసింది. గుండె అంటే అదీ!"

నా భార్య తలెత్తకుండా కూర తరుగుతోంది. ఇన్నేళ్ళూ ఈ మాట వచ్చినప్పుడల్లా ఆవిడ అలాగే ఉండిపోయేది, నేను చెప్పులేసుకుని బయటికి పోయేవాడిని.

మా వైపు ఆడవాళ్ళు గల్ఫ్ వెళ్ళడం మీకు కొత్త కాదు. నా అరటి వ్యాపారం దెబ్బతిన్న రోజుల్లో, కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని ఉందని రావులపాలెంలో ఏజెంటు చెబితే, ఇంట్లో ఆవిడని అడగకుండానే సరేనని వచ్చాను. పిల్లకి అన్నం ముద్ద మింగడం వచ్చేదాకా, ఈ వేసవి దాటేదాకా ఆగుదామని ఆవిడ బతిమాలింది. వీసా ఆగదన్నాను. కావాలంటే వేసవి తర్వాత పంపుతానని ఏజెంటు చెప్పిన సంగతి మింగేశాను. ఆలస్యమైతే ఆవిడ మనసు మార్చుకుంటుందని నా భయం.

వేపాకు ముద్ద రాస్తే పిల్ల మొహం చిట్లించి, కాసేపు ఆలోచించి, మళ్ళీ తాగేసింది. దాంతో పిల్లని తీసుకెళ్ళి అక్క ఇంట్లో వదిలాను. ఇంత తొందరేంటని అక్క అడిగితే, మా ఆవిడకే తొందరగా ఉందన్నాను. ఆ అబద్ధమే మా చుట్టాల్లో ఇన్నాళ్ళూ చెలామణి అయింది. ఇక్కడేమో పాలు గడ్డకట్టి ఆవిడకి జ్వరం. పాలు ఇంకిపోవడానికి పెద్దవాళ్ళు చెప్పినట్టు మల్లెపూలు గుండెలకి కట్టుకుని, నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "పిల్ల ఏడుస్తోందాండీ?" అని అడిగేది. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లని చూసి వచ్చి కూడా, చక్కగా ఆడుకుంటోందని చెప్పేవాడిని.

మొన్న కూడా గుమ్మం దాకా వెళ్ళాను. ఎందుకో వెనక్కి వచ్చి, అమ్మాయి ఎదుటే అంతా చెప్పేశాను.

"ఇన్నేళ్ళూ నోరు విప్పలేదేంరా!" అంది అక్క.

అమ్మాయి వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. నా భార్య కత్తిపీట పక్కన పెట్టి, "ఏజెంటు ఆగుతానన్నాడాండీ?" అని ఒక్కటే అడిగింది.

పెద్దవాళ్ళకి జవాబిచ్చినట్టు "ఆయ్" అన్నాను.

మా అల్లుడు రోజూ అమ్మాయికి ఫోన్ చేసి, తొందరేం లేదు, నీకెప్పుడు కుదిరితే అప్పుడే మాన్పించు అంటాడు. ఇప్పటి కుర్రాళ్ళు నయమని, మన రోజుల్లో ఇలా ఎవరన్నారని మన ఈడువాళ్ళం అనుకుంటూ ఉంటాం. ఆ రోజుల్లోనూ మాకేమీ కాని ఆ ఏజెంటు ఆగుతానన్నాడు. పక్కనున్న నేనే అనలేదు.